పాత బుల్లెట్‌కు తేలిక రిమ్ము

పాత బుల్లెట్‌కు స్టీలు రిమ్ము తీసి అల్యూమినియం రిమ్ము వేయించడం సోకు అనుకుంటారు గానీ, నా లెక్కలో మెకానిక్కుల పనుల్లో ఇంత సున్నితమైనది అరుదు. రిమ్ము ఉండేది చక్రం అంచున. అక్కడ తగ్గిన బరువు బండి వేగం అందుకునేటప్పుడు దాదాపు రెట్టింపుగా కలిసొస్తుంది, గతుకుల్లో టైరు రోడ్డును వదలకుండా ఉంటుంది. ఆ లాభం దక్కాలంటే 19 అంగుళాల రిమ్ముకు 40 స్పోకులూ సమంగా లాగాలి. పనివాడు పాతది విప్పకముందే రిమ్ము హబ్బుకు ఎంత పక్కగా ఉందో కొలిచి రాసుకుంటాడు. కొత్తదాని రంధ్రాలు స్పోకు వచ్చే కోణానికే తొలిచి ఉన్నాయా అని చూస్తాడు. లేకుంటే స్పోకును రిమ్ముకు బిగించే నిపుల్ దగ్గర స్పోకు వంగి, ఒకనాడు అక్కడే తెగుతుంది. ఆపైన చక్రం తిప్పుతూ ముందు ఎత్తుపల్లాలు, తర్వాత అటూ ఇటూ ఊగడం సరిచేస్తాడు: ఒకవైపు స్పోకు కాస్త వదులు, అవతలివైపుది కాస్త బిగువు. మధ్యమధ్య స్పోకు మీటి మోత వింటాడు (వీణ కాకపోయినా శ్రుతి శ్రుతే). అల్యూమినియం గుంతల్లో వంగుతుందన్నది కొట్టిపారేయలేని అభ్యంతరమే. కానీ వంగేది ఎక్కువగా నాసిరకం రిమ్ము, తగిన మందంతో చేసిన మంచి మిశ్రలోహం కాదు. అసలు రూపం పోయిందనేవారికి జవాబు మరీ సులువు: పాత రిమ్ములూ స్పోకులూ అటక మీద ఉంచుకోండి, ఎప్పుడైనా తిరిగి ఎక్కించవచ్చు. కొత్త స్పోకులు కొన్నాళ్లకు సర్దుకుని వదులవుతాయి; బండిని మళ్లీ ఆ పనివాడి దగ్గరికే తీసుకెళ్లండి, కూలి దగ్గర బేరమాడకండి.