ఇల్లాలి ప్రాణమునకు కట్టిన వెల

మానవప్రాణమునకు వెల లేదని పెద్దలందురు. కాని వీధిలో మోటారుబండి క్రింద పడి యొకరు మరణించిన పిదప ప్రభుత్వమునకు వెల కట్టక తప్పదు. అట్లు వెల కట్టుటకై మన దేశమున చాలకాలము చెల్లిన పట్టిక నొకదానిని ఇచట విమర్శింప దలచితిమి.

1988 నాటి మోటారువాహనముల చట్టమునకు 1994లో ఆ పట్టికను చేర్చిరి. సంపాదన లేనివారికి ఏటికి 15,000 రూపాయల యాదాయ మున్నట్లు భావింపవలెననియు, సంపాదన లేని భార్యకు గాని భర్తకు గాని రెండవవారి యాదాయములో మూడవవంతు లెక్కింపవలెననియు అందు గలదు. మాట యిరువురకు సమానమే. కాని మన దేశమున ఇంటిపట్టున నుండువా రెవరో యెఱుగనివారు లేరు.

లెక్క వేసి చూతము. ఏటికి 12,000 వచ్చు కూలివాని భార్య శ్రమ 4,000. ఏటికి 36,000 వచ్చు గుమాస్తా భార్య శ్రమ 12,000. ఇరువురును తెల్లవాఱకముందే లేచి పొయ్యి రాజేయుదురు, బిడ్డలను సాకుదురు, ముసలివారికి మందిత్తురు. చాకిరి యొక్కటే, వెలలు రెండు. అంతియే కాదు, సంపాదన లేని యితరులకు కట్టిన 15,000 ఈ రెంటికంటెను ఎక్కువ! ఆ పట్టిక తూచినది ఇల్లాలి ప్రాణమును గాదు, శ్రమను గాదు, మగని జీతమును.

సుప్రీముకోర్టు ఈ యన్యాయమును గుర్తింపకపోలేదు. 2001 జనాభా లెక్కలలో ఇల్లాండ్రను బిచ్చగాండ్రతోను ఖైదీలతోను కలిపి పని లేనివారి వరుసలో చేర్చుటను 2010 నాటి తీర్పున గర్హించినది. 2021 జనవరిలో కృష్ణాజిల్లావారైన న్యాయమూర్తి ఎన్. వి. రమణగారు తమ తీర్పున 2019 నాటి ప్రభుత్వగణనను చూపిరి. ఇంటిపనిలో పాల్గొను స్త్రీ సగటున దినమునకు 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వెచ్చించుచున్నారని అందు తేలినది. ఆ పట్టిక 2018లో మార్పు చెంది, 2019 నాటి సవరణ 2022 ఏప్రిలులో అమలునకు వచ్చినప్పుడు పూర్తిగా తొలగినది. ఎదుటివారి తప్పు నిరూపింప నక్కఱలేని దావాలలో ప్రతి మరణమునకు 5 లక్షల రూపాయలు నిర్ణయమైనది. అందు మగని జీతముతో పని లేదు. ఇది మేలే.

తల్లి సేవకు రూపాయలలో వెల కట్టుట యపచారమని కొందఱందురు. వారి భక్తిని మేము శంకింపము. కాని వెల కట్టకుండుటయు నొక వెలయే, అది సున్న. ఆ సున్నను భరించునది ఆ తల్లియే.

చట్టమును దిద్దుటతో మన పని తీరదు. న్యాయస్థానము లెక్క వేయునది ప్రాణము పోయిన తరువాత. బ్రతికి యుండగా లెక్క వేయవలసినవారము మనము. మగనికి జలుబు చేసిన నాడే వైద్యుని పిలుచు ఇంట, ఇల్లాలు జ్వరముతో మూడు దినములు వంట చేయుట లేదా? ఆమె యారోగ్యమునకు ఆ యిల్లు కట్టిన వెల యెంత? చట్టములోని పట్టికను నిందించుటకు ముందు, చదువరులు తమ యింటి పట్టికను ఒకమాఱు విప్పి చూతురుగాక.