'పందికొక్కు' పాశ్చాత్యయానము: ఒక శబ్దపరామర్శ

ఇంగ్లీషు 'బాండికూట్' శబ్దమునకు తెలుగు 'పందికొక్కు' మూలమని నిఘంటువులు చెప్పుచున్నవి. యూల్, బర్నెల్ పండితులు 1886లో ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు నీ వ్యుత్పత్తినే చూపి 'పందియెలుక' యని యర్థము చెప్పినది. నిర్ణయము సరియైనదే. కాని మన పరిశోధకులు దానిని గర్వకారణముగా నుదాహరించుటయే గాని, హేతువు విచారించుట యరుదు. అరువిచ్చిన భాషను తేల్చుటకు ధ్వనిసామ్య మొక్కటియే చాలదు. సోదరభాషలలో లేక, ఆ భాషయందే యున్న లక్షణము నొకదానిని చూపవలెను.

ఈ జంతువునకు తమిళ మలయాళములలో, తుదిధ్వనియందు స్వల్పభేదముతో, 'పెరుచ్చాళి' యని పేరు. కన్నడమున 'హెగ్గణ'. 'పెరు' అనగా పెద్ద. కన్నడ పదము తొలిభాగమును దీని రూపాంతరమే యని మా యభిప్రాయము. ఈ ధాతువు మనకు పరాయిది కాదు. ఖమ్మము, భద్రాచలము అడవుల సరిహద్దున నున్న పెనుబల్లి గ్రామనామములోని 'పెను' దీనికి జ్ఞాతియే. (పల్లి శబ్దాదిని పరుషము సరళమై 'బల్లి' యైనది. పెనుగొండయు నిట్టిదే. గోడమీది బల్లికి నిందు ప్రసక్తి లేదు.) పరిమాణమునుబట్టి పేరుపెట్టుటకు సాధనము చేతనుండియు తెలుగువాడు దానిని విడిచి, నేల పెకలించుటను, గురగురలాడుటను చూచి కాబోలు, కొక్కునకు పందిని జోడించెను. 'బాండికూట్' ఈ కల్పననే మోయుచున్నది.

అవయవములను విడదీసినను ఇదియే తేలును. పందికి కన్నడమున 'హంది', మలయాళమున 'పన్ని', తమిళమున 'పన్ఱి'. ఆద్యోష్ఠ్యమును, నకారదకారములును యథాతథముగ నున్నది తెలుగుననే. ఇక 'కొక్కు' తమిళమున కొంగ! మనకు మాత్ర మది మూషికము. వినాయకునకు 'కొక్కురౌతు' అను పేరే సాక్షి. తమిళుని నోట నీ సమాసము పుట్టజాలదు.

ఆదిని పకారము బకారమగుట సులభగ్రాహ్యము. మన పకారమున ఆంగ్లేయుల పదాది పకారమునందువలె ఊపిరి వెలువడదు గనుక, వారి చెవికి బకారముగ తోచుట సహజము. 'కొక్కు' 'కూట్' అగుట చిక్కైన సంగతి. రెండు కకారములలో తుదిది భిన్నవర్ణమైన విషమీకరణమని మేము తలచుచున్నాము. 'కూట్' అను నీటిపక్షి పేరును ఇందుకు తోడ్పడియుండవచ్చును.

ఇంగ్లీషునుండి పదము ఫ్రెంచిలో 'బాండికూట్'గను, స్పానిషు, జర్మను, రష్యను భాషలలో 'బాండికుట్'గను చేరినది. 1873లో గ్రే యను జంతుశాస్త్రజ్ఞుడు దీనికి 'బాండికోటా' యని లాటిను వేషము తొడిగి ప్రజాతినామము గావించెను. జర్మనులు 'బాండికుట్‌రట్టె' యనియు, ఆంగ్లేయులు 'బాండికూట్ ర్యాట్' అనియు నందురు. కొక్కు ఎలుకయని యెరుగక మరల ఎలుకను చేర్చిన పునరుక్తి యిది. నడిసెంటరు వంటిదే.

అర్థము మాత్రము సముద్రము దాటినది. ఆస్ట్రేలియాలో పొడవుముక్కుతో నేల త్రవ్వు సంచిజంతువు నొకదానిని చూచి వలసవాసు లీ పేరే పెట్టిరి. నేడు ఐరోపాలో నీ పదము వినిన వారికి తరచుగా స్ఫురించునది ఆ జంతువే. దానికి ఎలుకతో చుట్టరికము లేదు. డచ్చి, స్వీడిషు భాషలు మన పదమును గైకొనక, 'సంచి బ్యాడ్జరు' అను నర్థమిచ్చు 'బౌడెల్‌డాస్', 'పుంగ్‌గ్రేవ్లింగ్' అను సమాసములను కల్పించుకొన్నవి. కావున ఆస్ట్రేలియా గ్రంథమును తెనిగించువారు 'బాండికూట్' కనబడినచోట పందికొక్కని వ్రాయుట, మూలము సత్యమైనను, అనువాదమున అసత్యము.

ఈ పద్ధతినే 'టేకు'నకు వర్తింపజేసినచో ఫలితము వేరు. పెనుబల్లి వైపు అడవులలో చెట్టున్నది, మనకు పేరున్నది. ఇంగ్లీషున 'టీక్' ఉన్నది. అయినను తమిళ మలయాళములలో 'తేక్కు', కన్నడమున 'తేగ' కలవు. ఐరోపా రూపములు పోర్చుగీసు 'తేకా' ద్వారమున మలయాళమునుండి పోయినవని నిఘంటుకారుల నిర్ణయము. దానిని త్రోసిపుచ్చుటకు ఒక్క 'టేకు' రూపమునందలి టకారము చాలదు.

ఆస్ట్రేలియా ఇంగ్లీషున 'బాండికూట్' క్రియగా కూడ వాడబడుచున్నది. పైనున్న ఆకు కదలకుండ మట్టిక్రింది ఉర్లగడ్డలను అపహరించుట దాని యర్థము. అక్కడి సంచిజంతువును చూచియే ఆ క్రియ పుట్టినది. ప్రజాధనమును కాజేసినవారు పందికొక్కులవలె మెక్కిరని మనవారును అందురు.