వివాహవర్ణనము - గృహప్రవేశము

తెలుగు కావ్యములలో వివాహవర్ణనలకు కొఱత లేదు. స్నాతకము మొదలు నాగవల్లి వఱకు జరుగు తంతునంతయు మన కవులు ఓపికతో వర్ణించిరి. పరిశోధక విద్యార్థులు ఆ పద్యముల నేఱి, ఆభరణములను, పిండివంటలను, వాద్యములను పట్టికలుగా కూర్చి, 'సాంఘిక జీవితము' అను శీర్షికక్రింద సమర్పించుచుందురు. ఆ పని నిష్ప్రయోజనమని మేమనము. కాని పందిరి విప్పిన పిమ్మట వధూవరులు ఏ యింట అడుగు పెట్టిరి, ఆ యింట వారి తొలి దినములు ఎట్లు గడచెను అను ప్రశ్న ఆ పట్టికలలో కానరాదు. తెలుగున 'కాపురము' అను నొక్క మాటయే నివాసమునకును దాంపత్యమునకును చెల్లుచున్నది. ఇల్లును ఆలుమగల బ్రదుకును ఇంతగా ఒక్కటి చేసిన భాషలో, కావ్యము మాత్రము పెండ్లిపీటలకడనే ఏల నిలిచిపోయినది?

దండి కావ్యాదర్శమున మహాకావ్యమునకు చెప్పిన వర్ణనాంశములను చూచినచో కొంత సమాధానము దొరకును. అందు నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు ఉన్నవి; మధుపానమునకు సైతము చోటున్నది. వివాహమునకు వెనువెంటనే కుమారోదయము. నడుమ ఇల్లు లేదు. లక్షణము లేనిచోట లక్ష్యము పుట్టదని కొందఱు దీనితో తృప్తి చెందుదురు. మాకు ఇది చాలదు. లక్షణకర్తలు చెప్పని వెన్నింటినో మన కవులు సాహసించి చెప్పిరి.

శాస్త్రము ఇంటిని మఱవలేదన్నది ఇచ్చట గమనింపదగిన విషయము. ఋగ్వేద దశమ మండలమునందలి సూర్యాసూక్తము, మెట్టినింటికి పోవు వధువును అత్తమామలమీదను, ఆడుబిడ్డలమీదను, మఱదులమీదను సామ్రాజ్ఞివి కమ్మని దీవించును. తెలుగునాట పెక్కు కుటుంబములు అనుసరించు ఆపస్తంబ గృహ్యసూత్రము, వివాహాగ్నిని వెంట గొనిపోవుట, వధువు గడపను త్రొక్కక కుడికాలు ముందిడి ఇల్లు సొచ్చుట, ఇంటిలో పఱచిన ఎఱ్ఱని వృషభచర్మముపై కూర్చుండుట, మూడు రాత్రులు దంపతులు బ్రహ్మచర్యముతో నేలపై శయనించుట, వారి నడుమ గంధలిప్తమైన దండము నుంచుట మున్నగువానిని విధించుచున్నది. ధ్రువారుంధతీ దర్శనము కూడ ఆ సూత్రము ప్రకారము వరుని యింట, నక్షత్రములు పొడిచిన పిమ్మట జరుగవలసినది. నేడు పట్టపగలు పందిటిలోనే పురోహితుడు ఆకాశమువైపు వేలు చూపుచున్నాడు. వధువు కనబడినదని తల యూపుచున్నది. ఇంటికి చెందిన తంతు పందిటిలోనికి వచ్చి చేరుట కావ్యములయందే కాక ఆచారమునందును జరిగినదన్నమాట.

ప్రౌఢకావ్యములలో ఈ ఘట్టమునకు మిక్కిలి దగ్గఱగా వచ్చినది నలకథ. శ్రీహర్షుని నైషధమున దమయంతి పెండ్లి, విందు, నలుడు ఆమెతో తన పురమునకు మరలుట, సౌధమునందు వారి విహారము వరుసగా నడచును. సౌధము కలదు కాని అది ఇల్లు కాదు; శయ్యాగృహమే పెరిగి సౌధమైనది. అయినను కవి అచ్చట ఒక గొప్ప పని చేసెను. దంపతుల సౌఖ్యమును వర్ణింపబోవుటకు ముందు కలిని నిషధపురమునకు రప్పించెను. ధర్మము నిండిన ఆ పురమున నిలువ నెలవు దొరకక, కలి తుదకు నలుని యుద్యానములోని తాండ్రచెట్టు నాశ్రయించి సమయమునకై కాచుకొని యుండును. క్రొత్త దంపతులతోపాటు కలియు అచ్చట కాపురము పెట్టినాడు! ఆ వెనుక వచ్చు శృంగారమంతయు ఈ చెట్టు నీడలో చదువవలసినది. కావ్యము ద్యూతమునకు చాల ముందే ముగియుటచే కలి ఆ చెట్టు దిగుట మనము చూడము. శృంగారనైషధమును బోధించువారు పదలాలిత్యమును గూర్చి చెప్పినంతగా ఈ కూర్పును గూర్చి చెప్పకపోవుట లోపమే.

పోతన దశమస్కంధములో నారదుడు శ్రీకృష్ణుని యిండ్లన్నియు తిరిగి చూచు ఘట్టము మనోహరమే. కాని అందలి ఆశ్చర్యము ఒక్కడు అన్ని యిండ్లలో నుండుట, ఇల్లు కాదు. మనుచరిత్రములోని ప్రవరుడు ఇంటికై పరితపించును. అది పాత కాపురము, అదియును హిమాలయమునుండి తలచుకొన్నది.

ఇక స్త్రీల పాటలను చూతము. కృష్ణశ్రీ సంపాదకత్వమున ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో ప్రకటించిన స్త్రీల రామాయణపు పాటలు మనకు చేరువలోనే ఉన్నవి. వానియందు సీత పెండ్లి వేఱు, సీతను అత్తవారింటికి పంపుట వేఱు. ఈ విభాగము గాయకుల యిచ్చ వచ్చినట్లు ఏర్పడినది కాదు. బాల్యవివాహములు చెల్లుచుండిన దినములలో పెండ్లికిని కాపురమునకును నడుమ ఏండ్లు గడచెడివి. పెండ్లినాడు ఏమి జరుగుచున్నదో బాలికకు తెలియదు. కాపురమునకు పోవునాడు తెలియును. 1929 నాటి శారదా శాసనమునకు పిమ్మట ఈ యెడము క్రమముగా తగ్గినది. పాటలు మాత్రము దానిని నిలుపుకొన్నవి. కావ్యకర్త కన్ను పెండ్లిమీద, పాట కన్ను ప్రయాణముమీద నుండుటకు హేతువిదియే యని మా యభిప్రాయము. వరునకు పెండ్లితో ఇల్లు మాఱదు. మాఱునది వధువునకు.

'సీత గడియ' అను పాటలో రాముడు పడకటింట వేచియున్నాడు. సీతకు వంటయింట పని తెమలలేదు. ఆలస్యమైనదని రాముడు అలిగి లోపల గడియ వేసికొనును. సీత ఎంత బ్రతిమాలినను తీయడు. అప్పుడామె పోయి అత్తగారితో చెప్పుకొనును. కౌసల్య వచ్చి కొడుకును మందలించి తలుపు తీయించును. చిన్న పాట. కాని సామ్రాజ్ఞివి కమ్మన్న దీవన ఇంటిలో ఏ రూపమున దిగినదో దీనివలన తెలియును. సామ్రాజ్యమునకు ముందు వంటయిల్లు. భర్త కోపమునకు పై విచారణ అత్తగారికడ. ఈ కౌసల్య అత్తల యందఱి స్వరూపము కాదు, పాడినవారు కోరుకొన్న అత్త. ఆ కోరిక యెంత గట్టిదో, దాని యవసరము అంత పెద్దదని ఊహింపవలెను. ఈ పాటలను అనుబంధములో నాలుగు పుటలకు కుదించు సాహిత్యచరిత్రలు మన జీవితములో సగమును అనుబంధమునకు త్రోయుచున్నవని చెప్పుటకు మేము సంకోచింపము.

గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' 1910లో ఆంధ్రభారతిలో వెలువడినది. సానిపాటకు పోయిన గోపాలరావు రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరి తలుపు తట్టుటతో కథ మొదలగును. గడియ వేసి యుండలేదు. చేయి వేయగనే రెక్క విచ్చుకొనినది. లోపల చీకటి, పక్కపై భార్య లేదు, ఉత్తరము మాత్రమున్నది. ఈ కథను సంస్కరణమునకు ఉదాహరణముగా బోధించుట పరిపాటి. ఇల్లెట్టిదో చూచువారు తక్కువ. కథలో అత్త లేదు, మామ లేడు. భార్యాభర్తలు, నౌకరు రాముడు, అంతే. పాటలో వేచియుండి అలిగినది భర్త. ఇచ్చట వేచి వేసారినది భార్య. పాటలోని సీతకు చెప్పుకొనుటకు కౌసల్య యుండెను. కమలినికి ఎవ్వరును లేరు. ఆమెకు భర్త చెప్పించిన చదువున్నది. ఆ చదువుతో ఉత్తరము వ్రాసి, తానే విచారణ జరుపుకొనినది. పుట్టినింటికి పోయితినని వ్రాసి మంచము క్రింద దాగుట హాస్యమే. అయితే వేఱు కాపురమున భార్యచేతిలో మిగిలిన బెదరింపు అదొక్కటే యన్న సంగతి ఆ హాస్యములో నున్నది. ఉమ్మడియింట ఒక కోడలు అలిగిన యిల్లు నడచును. ఇద్దఱే యున్న యింట ఒకరు లేకున్న ఇల్లు లేదు. గోపాలరావు పశ్చాత్తాపమునకు భార్యపై ప్రేమ ఎంత కారణమో, ఆ చీకటి గది శూన్యమును అంత కారణము.

పైని చెప్పిన దంతయు ఒక హద్దునకు లోబడినది. అచ్చయిన రామాయణపు పాటలలో ఎక్కువ భాగము బ్రాహ్మణ కుటుంబముల స్త్రీలనుండి సేకరించినది. పొలము పనులు చేసి, తన కూలి తాను తెచ్చుకొను స్త్రీ క్రొత్త కాపురమును గూర్చి పాడు పాటలో, గడియకడ నిలిచి బ్రతిమాలు ఘట్టము ఇట్లే యుండునా? బిరుదురాజు రామరాజు 1958లో ప్రకటించిన 'తెలుగు జానపదగేయ సాహిత్యము' ఈ త్రోవలో తొలి మెట్టు. పరిశోధకులు ఒక్కొక్క అప్పగింత పాటకు పాఠాంతరములను, పాడినవారి ఊరిని, వృత్తిని, వారు కాపురమునకు వచ్చినప్పటి వయస్సును కలిపి సేకరింపవలెను. ఈ కడపటి వివరము ఇప్పటి సేకరణలలో అరుదుగా కనబడుచున్నది. వృద్ధస్త్రీలనుండియే అది తెలియవలసియున్నది గనుక ఆలస్యమునకు వ్యవధి లేదు.