జంట కుట్టు వెనుక చేతులు

జీన్స్ జేబు అంచున పక్కపక్కనే సాగే రెండు కుట్లను చూడండి. వాటి మధ్య ఎడం, చాలావరకు పావు అంగుళం, ఎక్కడా చెదరదు. ఆ ఘనత డబుల్ నీడిల్ మిషనుది. అంతకుమించి దాన్ని అమర్చిన మెకానిక్‌ది.

ఇందులో సూదులు రెండు, హుక్కులు రెండు, బాబిన్లు రెండు. కుట్ల మధ్య ఎడం మార్చాలంటే సూదుల క్లాంపు, ప్లేటు, గుడ్డను జరిపే పళ్ళు, ఫుట్ అన్నీ ఒకే కొలత సెట్టుగా మార్చాలి, హుక్కులనూ జరపాలి. సూది అట్టడుగుకు దిగి పైకి లేస్తుండగా దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంటుంది. సరిగ్గా అప్పుడే హుక్కు మొన దాన్ని అందుకోవాలి. మొన సూదికి గుద్దుకుంటే సూది విరుగుతుంది. దూరమైతే కుట్టు తప్పుతుంది. ఈ పొందికను రెండువైపులా కుదర్చడం కంసాలి పనంత సున్నితం.

మిషను ఎంపికలోనూ వివేకం ఉంది. తిన్నని కుట్లకు సూదులు కలిసే కదిలే మిషను చాలు. జేబు మూలలు తిప్పాలంటే లోపలి సూదిని కాసేపు ఆపగల మిషను కావాలి. మందపు దారంతో కుట్టేవారికి పెద్ద బాబిన్ మేలు.

మంచి మెకానిక్ ముందుగా మిషను చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తాడు. కుట్టబోయే గుడ్డ మీదే, అదే దారంతో పరీక్షిస్తాడు. మిషను కొనేముందు అలాంటివాడి మాట వినండి. అతని పనికి తగిన కూలీ బేరమాడకుండా ఇవ్వండి.