తల్లి చెట్టు తేరుకున్నాకే అంటు

నెల్లూరు తీరంలో ఉప్పుగాలి కొట్టే ఇసుక నేలలు దాటి నాలుగు ఊళ్లు పడమరకు వస్తే ఎర్రనేలలు మొదలవుతాయి. సైదాపురం వైపు ఆ మట్టిలో అభ్రకం తునకలు ఎండకు తళుక్కుమంటాయి. ఆ నేలలకు కుదిరిన పంట నిమ్మ. గూడూరు, పొదలకూరు మార్కెట్లలో బస్తాలకెక్కిన కాయ ఢిల్లీ దాకా పోతుంది. 2022 ఏప్రిల్‌లో చాలా నగరాల్లో కిలో నిమ్మకాయలు 200 రూపాయలు దాటినప్పుడు దేశమంతా ధర గురించే మాట్లాడుకుంది. ఆ కాయ కాసిన చెట్టు ఎక్కడి నుంచి వచ్చింది, దాని తల్లి ఏ తోటలో ఎలా ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. నిమ్మ రైతు బాగోగులు తేలేది మాత్రం అక్కడే.

అంటుకు కొమ్మనో, నారుకు గింజనో ఇచ్చేందుకు ఏరి పెట్టుకున్న చెట్టును తల్లి చెట్టు అంటారు. ఏటా నిలకడగా కాయాలి. కాయ తొక్క పలుచగా, రసం నిండుగా ఉండాలి. గజ్జి తెగులు పెద్దగా అంటకూడదు. ఇన్ని గుణాలున్న చెట్లు తోట మొత్తానికి ఒకటో రెండో దొరుకుతాయి. మంచిదన్న పేరు రాగానే దాని కష్టాలు మొదలవుతాయి. ఒకపక్క కాయ కోస్తూ, ఇంకోపక్క అంట్లు కడుతూ, మధ్యలో ఒక్క ఏడాది కూడా విడుపు ఇవ్వకపోతే ఎంత బలమైన చెట్టయినా డస్సిపోతుంది. ఆకు చిన్నబోతుంది. కొమ్మలు కొసల నుంచి కిందికి ఎండుకొస్తాయి. కట్టిన అంట్లలో చాలావాటికి వేరు పట్టదు. ఉన్న నాలుగు పచ్చికొమ్మలూ అయిపోకముందే కట్టేసుకుందామన్న ఆత్రం పుట్టేది సరిగ్గా అప్పుడే. ఆ ఆత్రాన్ని ఆపుకుని, ముందు చెట్టును తేర్చి, ఆ తర్వాతే కత్తి పట్టడం నిమ్మ తోటమాలి విద్యలో అసలు మెట్టు.

ముందు నాడి చూడాలి

చెట్టు నీరసపడటానికి కారణాలు రెండు రకాలు. తిండి, నీరు, వేళ్ల ఇబ్బంది ఒక రకం. ఇది మాన్పగలిగేది. ఒంట్లో చేరిన వైరస్ రెండో రకం. ఎన్ని ఎరువులు వేసినా ఇది పోదు. ఈ రెంటినీ విడదీయకుండా వైద్యం మొదలుపెడితే శ్రమంతా వృథా.

ఈనెలు ఆకుపచ్చగా ఉండి, మధ్య భాగం పసుపు తిరిగి, ఆకు సన్నగా చిన్నగా వస్తుంటే జింకు లోపం. ఆకు కొస, అంచులు కాలినట్టు మాడి, పాదులో మట్టి మీద తెల్లటి పొర కడుతుంటే నీళ్లలో ఉప్పు. తీరానికి దగ్గరగా ఉన్న బోర్లతో ఈ బాధ ఎక్కువ, నిమ్మజాతి ఉప్పును ఓర్చుకోలేదు. మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతుంటే వేరుకుళ్లు చుట్టుముట్టినట్టే. ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, పాదుల్లో నీళ్లు నిలిచిన తోటల్లో ఇది తరచూ కనబడుతుంది.

ఇక ట్రిస్టెజా వైరస్. దీన్ని గుర్తుపట్టడానికి ప్రపంచమంతా నిమ్మ మొక్కనే పరీక్ష మొక్కగా వాడుతుంది, అంత స్పష్టంగా నిమ్మ ఆకు దీన్ని బయటపెడుతుంది. లేత ఆకును తెంపి సూర్యుడికి ఎదురుగా పట్టుకుని చూడాలి. ఆరోగ్యమైన ఆకులో ఈనెలన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. వైరస్ ఉన్న ఆకులో సన్న ఈనెలు అక్కడక్కడ తెగిపోయినట్టు, వెలుతురు దూరే చిన్న గీతల్లా తేటపడి ఉంటాయి. అనుమానం తీరకపోతే ఒక కొమ్మ బెరడు ఒలిచి చూడాలి. లోపలి చెక్క మీద సూదితో గుచ్చినట్టు గుంటలూ గాళ్లూ ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. పేనుబంక ఈ వైరస్‌ను చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. అంటుకత్తి పట్టిన మనిషి దాన్ని ఊరు నుంచి ఊరికి, జిల్లా నుంచి జిల్లాకు మోస్తాడు. 1930ల చివర బ్రెజిల్‌లో మొదలైన ట్రిస్టెజా విలయంలో లక్షల నారింజ చెట్లు చచ్చిపోయాయి. అంటు మొక్క తల్లి ఒంట్లోని ముక్కే కాబట్టి తల్లి జబ్బు పిల్లకూ వస్తుంది. ఈ వైరస్ తేలిన చెట్టు నుంచి అంటు కట్టకూడదు. దానికి వేరే దారి ఉంది, అది తర్వాత చెబుతాను.

తేర్చే తీరు

వైరస్ లేదని నమ్మకం కుదిరాక మొదటి పని చెట్టు మీద బరువు దించడం. ఆ ఏడాది దాని నుంచి కాయ ఆశించకూడదు. పూత, పిందె రాల్చేయాలి. ఆకులో తయారైన పిండిపదార్థం కాయకు పోకుండా వేరుకూ చిగురుకూ పోవాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదు. బాలింతకు పథ్యం పెట్టి, పనులు తప్పించి, ఒళ్లు కూడదీసుకోనిచ్చినట్టే ఇదీనూ. మంచి కాపు చెట్టు మీద పిందె రాల్చడానికి ఏ రైతుకైనా చెయ్యి రాదు. కానీ ఆ ఒక్క చెట్టు కాపు వదులుకుంటే ఎన్నో తోటలకు సరిపడా కొమ్మ దక్కుతుంది.

వేసవి కోత అయ్యాక కత్తిరింపు. ఎండుపుల్లలను పచ్చి చెక్క తగిలేదాకా, ఇంకో రెండు మూడు అంగుళాలు కిందికి కోయాలి. బదనిక పట్టిన కొమ్మ ఉంటే బదనిక ఒక్కటే పీకితే చాలదు, అది నాటుకున్న చోటికి దిగువగా కొమ్మనే తీసేయాలి. గజ్జి మచ్చలున్న రెమ్మలను తోటలో వదలకుండా పోగుచేసి కాల్చాలి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయేముందు కత్తెర శుభ్రం చేసుకోవాలి.

కోసిన ప్రతి గాయానికీ బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు దీని పాళ్లు. తుత్తాన్ని ఇనుప పాత్రలో కలపకూడదు. మట్టికుండలోనో ప్లాస్టిక్ బకెట్లోనో విడిగా కరిగించి, సున్నం ఇంకో దాంట్లో విరిచి, రెంటినీ కలపాలి. కలిపాక పాళ్లు కుదిరాయో లేదో చెప్పేది కొడవలి. శుభ్రంగా తోమిన కొడవలి మొన కాసేపు అందులో ముంచి తీస్తే, దాని మీద ఎర్రటి రాగి పూత పడిందంటే తుత్తం ఇంకా ఘాటుగా మిగిలి ఉన్నట్టు. సున్నం మరికొంత కలపాలి. ఇనుము ఇనుములాగే బయటికొస్తే మందు సిద్ధం. బంక కారే చోట చెడిన బెరడును గీకి, మంచి చెక్క కనబడ్డాక ఇదే పేస్టు పట్టించాలి.

తర్వాత వేళ్లు. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, దానికి దూరంగా రెండో గట్టు కట్టి, నీళ్లు ఆ రెండు గట్ల మధ్యే పారేలా పాదు చేస్తారు. కాండానికి తడి తగలదు, నీరు మాత్రం వేళ్లకు అందుతుంది. నిమ్మకు తిండి తెచ్చే వేళ్లలో ఎక్కువ భాగం పైపొరల్లోనే ఉంటాయి కాబట్టి పాదులో లోతుగా తవ్వకూడదు. పశువుల ఎరువు, వేపపిండి, దొరికితే వేసవిలో ఎండిన చెరువు మట్టి పైపైన కలిపి, మీద ఎండుటాకు కప్పాలి. చెట్ల వరుసల మధ్య జనుమో జీలుగో చల్లి, అవి పూతకొచ్చే దశలో కలియదున్నితే నేల గుల్లబారుతుంది. ఉప్పునీటి బోరున్న చోట వానాకాలపు చెరువునీరో కాలువనీరో అందినప్పుడల్లా నిండుగా పారించి ఉప్పును కిందికి దించాలి. ఆ నీరు నిలవకుండా పోయే దారి కూడా ఉండాలి.

కత్తిరింపు తర్వాత విరగబడి వచ్చే కొత్త చిగురే అసలు ఫలితం, దానికే ముప్పు కూడా ఎక్కువ. ఆకు తొలిచే పురుగు లేత ఆకులో వెండి గీతల్లా సొరంగాలు చేస్తుంది. ఆ గాయాల్లోంచి గజ్జి సూక్ష్మజీవి దూరుతుంది. చిగురు వేసే రోజుల్లో వేపనూనె, వాన ముసురులో లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టడం ఇందుకే. ఆకు విచ్చుకుని తయారవుతున్న దశలో లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేటు, ఆకు మాడకుండా దాంట్లో కాస్త సున్నపు తేట కలిపి పిచికారీ చేస్తే పసుపు తిరగడం ఆగుతుంది.

ఈ ఏడు కత్తిరింపు, వచ్చే ఏడు అంటు

కొత్త కొమ్మ పెన్సిలంత లావెక్కి, ఆకుపచ్చ రంగు ముదరడం మొదలయ్యేదాకా ఆగాలి. మొద్దుబారిన పాత కొమ్మ కంటే, కత్తిరింపు తర్వాత దిగువ నుంచి వచ్చిన ఈ పడుచు కొమ్మకు వేరు తేలిగ్గా పడుతుంది. ఏడాది ఓపిక పట్టినందుకు దక్కే ప్రతిఫలం ఇదే.

గాలి అంటు వానాకాలంలో కడతారు. కొమ్మ చుట్టూ అంగుళం మేర బెరడును ఉంగరంలా తీసి, కింద మిగిలిన జిగట పొరను కత్తి వీపుతో పూర్తిగా గీకాలి. ఆ పొర మిగిలిపోతే బెరడు మళ్లీ అతుక్కుంటుంది, వేరు రాదు. చెక్కలోంచి నీరు పైకి ఎప్పటిలాగే పోతుంది. ఆకుల్లో తయారైన తిండి మాత్రం కిందికి దిగలేక ఉంగరం పై అంచున ఆగిపోతుంది. అక్కడే వేళ్లు పుడతాయి. పూర్వం ఎర్రమట్టి, పేడ పిసికి గోనెపట్టా చుట్టి, పైన చిల్లికుండ వేలాడదీసి చుక్కచుక్కగా తడిపేవారు. ఇప్పుడు నానబెట్టిన నాచు పెట్టి పాలిథీన్ కాగితం చుట్టి రెండు కొసలా బిగిస్తున్నారు. నెలన్నర, రెండు నెలలకు తెల్లటి వేళ్లు కాగితంలోంచి కనబడతాయి. అవి లేత గోధుమరంగుకు తిరిగాక, ఒక్కసారిగా కాకుండా రెండు మూడు విడతలుగా గాటు పెట్టి కొమ్మను తల్లి నుంచి వేరు చేస్తారు. సగం ఆకులు తుంచి, నీడలో సంచుల్లో పెంచుతారు. ఎంత మంచి చెట్టయినా దాని కొమ్మల్లో కొన్నిటినే అంటుకు వాడి మిగతావి తల్లికే వదలాలి. మళ్లీ పుంజుకునేది ఆ ఆకులతోనే.

గింజలో దాగిన పడుచుదనం

వైరస్ తేలిన మంచి చెట్టు మాటేమిటి? ఇక్కడ నిమ్మకు ప్రకృతి ఒక వరం ఇచ్చింది. నిమ్మగింజలో ఒకటికి మించిన పిండాలుంటాయి. వాటిలో చాలావరకు పరాగంతో సంబంధం లేకుండా తల్లి కణజాలం నుంచే పుట్టినవి. అందుకే ఒక గింజ నుంచి రెండు మూడు మొలకలు లేస్తాయి, వాటిలో ఎక్కువ తల్లికి అచ్చు గుద్దినట్టు ఉంటాయి. ట్రిస్టెజా గింజ గుండా రాదు. తల్లి జబ్బుపడినా ఆ మొలక శుభ్రంగా, కొత్త బలంతో పుడుతుంది. పండిన కాయ నుంచి తీసిన గింజను కడిగి, ఎండబెట్టకుండా వెంటనే విత్తాలి, ఎండితే సరిగా మొలవదు. నారుమడిలో మరీ గిడసబారినవీ, ఆకు తీరు వేరుగా ఉన్నవీ పీకేసి, ఒకే తీరుగా ఎదిగినవే ఉంచుకోవాలి. అలా వచ్చిన మొక్కను పురుగు దూరని సన్నకన్నుల తెర కింద పేనుబంక సోకకుండా పెంచితే అదే రేపటి తల్లి.

నారు మొక్కకు ముళ్లు ఎక్కువ, కాపు అంటు మొక్క కంటే ఆలస్యం. దానికి బదులు తల్లివేరు లోతుగా దిగుతుంది. తుఫాను గాలులు వచ్చే ఈ తీరంలో అది చిన్న లాభం కాదు. అంటు మొక్క త్వరగా కాపుకొస్తుంది, దానికి తల్లివేరు ఉండదు కాబట్టి మొదటి రెండేళ్లు ఊతకర్ర తప్పదు. నేలను, గాలిని బట్టి రైతు ఎంచుకోవాలి.

వెంకటగిరి దగ్గర పెట్లూరులోని నిమ్మ పరిశోధన స్థానం ఈ ప్రాంతానికి కొండంత అండ. గజ్జి తెగులును తట్టుకుంటుందని పేరున్న బాలాజీ రకం కూడా మంచి చెట్లను ఏరి, నిలబెట్టుకున్న పనిలోంచి వచ్చిందే. చెట్టును గమనించి, గుర్తుపెట్టి, కాపాడుకునే రైతు కన్ను లేకపోతే పరిశోధకుడికి ఏరుకోవడానికి చెట్టే మిగలదు.

నిమ్మ తోట పెడితే పదిహేను, ఇరవై ఏళ్ల లెక్క. మొక్క కొనేటప్పుడు మిగిలే నాలుగు రూపాయల కోసం తల్లి ఊసెత్తకపోతే, ఆ నష్టం కాపుకొచ్చే ఏడు దాకా బయటపడదు, బయటపడ్డాక తిరిగి రాదు. నర్సరీకి వెళ్లినప్పుడు మొక్క ధర కంటే ముందు తల్లి చెట్టు చూపించమని అడగండి. దాని లేత ఆకు ఒకటి ఎండకు పట్టి చూడండి, మొదలు దగ్గర బంక ఉందేమో వంగి చూడండి, ఈ ఏడాది దాని నుంచి ఎన్ని అంట్లు తీశారో అడగండి. నర్సరీదారులూ తల్లి చెట్టుకు ఒక అంకె వేసి, కత్తిరించిన ఏడు, అంటు తీసిన ఏడు, విడుపు ఇచ్చిన ఏడు చిన్న పుస్తకంలో రాసి పెట్టాలి. కొనేవాళ్లు అడగడం మొదలుపెడితే అమ్మేవాళ్లు చూపించక తప్పదు, చూపించాల్సి వచ్చినవాళ్లు తల్లిని ఎండనివ్వరు.