రెండు చుక్కల నూనె, ఒక పాత గుడ్డ

పనసపొట్టు కొట్టే మనిషి చేతిలో బరువైన కత్తి ఉంటే, పక్కన చిన్న గిన్నెలో నూనె ఉంటుంది. గోదావరి జిల్లాల మార్కెట్లలో లేత పనసకాయ కొన్నవాళ్ళకు అక్కడికక్కడే చెక్కు తీసి, సన్నగా పొట్టు కొట్టి ఇస్తారు. కాయ మీద మొదటి వేటు పడకముందే ఆ మనిషి అరచేతులకూ కత్తికీ నూనె పులుముకుంటాడు. లేకపోతే కాయలోంచి కారే పాలు కాసేపటికే బంకై కూర్చుంటాయి. కత్తి కాయను వదలదు, వేలు వేలును వదలదు. ఆ తర్వాత బిందెడు నీళ్ళు పోసి కడిగినా లాభం లేదు. పనస బంక నీళ్ళకు లొంగదు, నూనెకు లొంగుతుంది.

కోనసీమలో ఆ గిన్నెలోది చాలాసార్లు కొబ్బరినూనే. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు చుట్టుపక్కల ఊళ్ళలో కాయలు పెరట్లో, కురిడీలు అటక మీద, నూనె సీసా గూట్లో ఉండడం మామూలు. బాగా ఎండిన కొబ్బరి బరువులో అరవై శాతానికి పైగా నూనే ఉంటుంది. ఇంత ఉన్నచోట అది తల దగ్గరే ఆగిపోదు కదా! తలుపు మడతబందు కిర్రుమన్నా, ఉయ్యాల గొలుసు మూలిగినా, కందదుంప తరగాల్సి వచ్చినా చెయ్యి ముందు ఆ సీసా మీదికే వెళ్తుంది.

ఈ అలవాటులో పనితనమంతా తుడవడంలో ఉంది. చాలామంది సగమే నేర్చుకుంటారు. నూనె రాస్తారు, మెరిసింది అనుకుంటారు, వదిలేస్తారు. వారం తిరిగేసరికి దాని మీద దుమ్ము పేరుకుని మొదటికంటే అధ్వాన్నంగా తయారవుతుంది. తప్పు నూనెది కాదు.

తుడవాల్సిన కారణం మాత్రం నూనె స్వభావంలోనే ఉంది. కొబ్బరినూనెలో దాదాపు తొంభై శాతం సంతృప్త కొవ్వులు. అందులో సుమారు సగం లారిక్ ఆమ్లమే. ఇలాంటి కొవ్వులు గాలిలోని ఆక్సిజన్‌తో అంత తేలిగ్గా కలవవు. అవిసె నూనె దీనికి పూర్తిగా వ్యతిరేకం. గాలి తగిలిన కొద్దీ దాని అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టి పొరగా ఆరిపోతాయి, అందుకే చిత్రకారులు దాన్ని రంగుల్లో కలుపుతారు. పొద్దుతిరుగుడు నూనె ఈ రెంటికీ నడుమ ఉంటుంది. పొయ్యి పక్కన పోపు డబ్బాల మీద పసుపుపచ్చగా, వేలికి సాగేలా పట్టే మొండి జిడ్డు అలా సగం ఆరిన వంటనూనే. కొబ్బరినూనె ఆరదు. కాబట్టి అది త్వరగా బంకగా మారదు. ఆ కారణానికే మిగిలినదాన్ని మనిషే తుడిచి తియ్యాలి.

పోపు డబ్బాల జిడ్డుకు కొబ్బరినూనే మందు కావడం మొదట నమ్మశక్యంగా అనిపించదు. కానీ ముల్లును ముల్లుతోనే తియ్యాలని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కొంచెం వెచ్చచేసిన నూనె పల్చగా పట్టించి అరగంట వదిలేస్తే, నీళ్ళకు చలించని జిడ్డు మెత్తబడుతుంది. మొదట పొడి గుడ్డతో దాన్ని ఎత్తెయ్యాలి, సబ్బునీళ్ళు ఆ తర్వాతే. ఈ వరస తప్పితే ఉన్న జిడ్డుకు మరో జిడ్డు తోడవుతుంది.

స్టీలు గిన్నె మీద కంపెనీ కాగితం పీకాక మిగిలే బంకకు ఇదే వైద్యం. అద్దం మీద వరసగా అంటించిన బొట్టుబిళ్ళలు వదిలిన మరకలకూ ఇదే. గోటితో గీకి లాభం లేదు. ఒక్క చుక్క వేసి పది నిమిషాలు ఆగితే వేలి కొసతో దొర్లి వచ్చేస్తుంది. ఎండాకాలం కొత్త రోడ్డు మీద నడిచి వచ్చిన పిల్లల పాదాలకు అంటిన తారు కూడా చర్మం మండకుండా వదులుతుంది. అక్కడ కిరోసిన్ వాడే అలవాటు మానుకోవాల్సిందే.

ఇనుముతో వ్యవహారం వేరు. కత్తిపీట, కొడవలి, అట్లపెనం వీటికి శత్రువు తేమ. నీళ్ళూ గాలీ కలిసి ఇనుమును తింటాయి, నూనె పొర ఆ రెంటినీ దూరంగా ఉంచుతుంది. అయితే తడి మీద నూనె రాస్తే నీటిచుక్కలు పొర కిందే ఉండిపోయి తుప్పు లోపలే రాజుకుంటుంది. కడిగిన కత్తిపీటను తుడిచి, కాసేపు ఎండలో పెట్టి, చెయ్యి వేస్తే వెచ్చగా తగిలినప్పుడు రెండు చుక్కలు రాయాలి. అప్పటికే తుప్పు పట్టి ఉంటే ఇటుక పొడి, నూనె కలిపి పీచుతో రుద్దాలి. ఆఖరున శుభ్రమైన గుడ్డతో తుడిచాక ఇనుము మీద నూనె కంటికి కనిపించకూడదు. వేలికి మాత్రం తెలియాలి.

చెక్కలో మాత్రం నూనె ఇంకాలి. కవ్వం, చెక్క గరిటె, చపాతీ పీట లాంటి పూత లేని చెక్క సామాన్లు రోజూ తడిసి ఆరి, తడిసి ఆరి నెర్రెలు విచ్చుతాయి. నెలకోసారి నూనె పట్టించి రాత్రంతా ఉంచి, పొద్దున మిగులు తుడిచేస్తే నీళ్ళు లోపలికి అంతగా దిగవు. మిగతా వంటనూనెల్లా త్వరగా ముక్క వాసన రాదు కనుక అన్నం తగిలే చెక్కకు ఇది తగినది. వార్నిష్ వేసిన బల్లల మీద దీన్ని రుద్దడం వృథా శ్రమ, పూత దాటి లోపలికి వెళ్ళే దారే లేదు.

నేలకు కూడా ఇదే లెక్క. తమిళనాడులో కారైక్కుడి దగ్గరి ఆత్తంగుడిలో గాజు పలక మీద రంగు సిమెంటు పోసి చేత్తో పలకలు చేస్తారు. వాటిని బట్టీలో కాల్చరు, నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. ఆ నేలను తుడిచే నీళ్ళలో నాలుగు చుక్కల కొబ్బరినూనె వెయ్యడం అక్కడి వాడుక. సన్నటి రంధ్రాలున్న సిమెంటు ఆ కాస్త నూనెను లోపలికి తీసుకుంటుంది. ఏళ్ళు గడిచే కొద్దీ నేల నిగారింపు పెరుగుతుంది. మన పాత ఇళ్ళ ఎర్ర గచ్చుకూ పట్టేది ఇలాంటి సేవే. కొత్త ఇళ్ళ విట్రిఫైడ్ టైల్స్ మీద అదే నీళ్ళతో తుడిస్తే నూనె పైపైనే తేలి ఇంట్లో పెద్దవాళ్ళు జారిపడతారు. అక్కడ వద్దు.

కొబ్బరి లేని మెట్ట ఊళ్ళు ఈ పనుల్లో కొన్నింటిని ఆముదంతో నడుపుకొచ్చాయి. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డిమసి కలిపిన కందెన వేసేవారు. బరువు పడే చోట చిక్కటి ఆముదమే నిలుస్తుంది, పల్చటి కొబ్బరినూనె నలిగి జారిపోతుంది. కొబ్బరినూనెకు మరో బలహీనత కూడా ఉంది. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ధనుర్మాసంలో సీసాను ఎండలో నిలబెట్టడం తెలుగువాళ్ళందరికీ అనుభవమే.

ఇదే కారణంగా కుట్టుమిషనులో కొబ్బరినూనె పొయ్యకూడదు. చేతికందిన సీసా అదే కదా అని ఎందరో పోస్తారు. వేసవిలో చక్రం బాగానే తిరుగుతుంది. నలుసులు, దారపు పొడి నూనెలో ముద్దకడుతూ ఉంటాయి. చలి మొదలయ్యాక ఒక ఉదయం మిషను కదలనంటుంది, కుట్టే మనిషి బలమంతా పెట్టి తొక్కుతుంది. అలా పట్టేసిన మిషనును కాసేపు ఎండలో ఉంచి, కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో లోపలి ముద్దంతా తుడిచి, పూర్తిగా ఆరాక మిషను నూనె వెయ్యాలి. అప్పుడు చక్రం మళ్ళీ తేలిగ్గా తిరుగుతుంది.