గట్టి కంప్యూటరు అంటే ఏమిటి?

కిందటి సంవత్సరం మా ప్రయోగశాలకు ఒక ల్యాప్‌టాప్ కంప్యూటరు కొన్నాము. దాని అట్టపెట్టె మీద “సైనిక ప్రమాణం 810” అనే ముద్ర ఉన్నది. ఒక విద్యార్థి దానిని చూసి, “అయితే మాస్టారూ, దీన్ని యుద్ధానికి కూడా తీసుకుపోవచ్చునా?” అని అడిగాడు. అమ్మిన అతనిని ఆ ముద్రకు అర్థమేమిటని అడిగితే, “కింద పడినా పగలదండీ” అన్నాడు. విద్యార్థి ప్రశ్నకు ఆ ముద్రలో జవాబు లేదు. అమ్మినవాడి మాటకు అందులో పూచీ లేదు. ఆ సంగతి కొంచెం విచారించవలసి ఉన్నది.

810 అనేది అమెరికా రక్షణశాఖవారి పరీక్షా గ్రంథం. 1962లో ఆ దేశపు వైమానిక దళం దీనిని మొదట ప్రకటించినది. అనేక మార్పులు పొంది, “హెచ్” అనే కూర్పు 2019లో వెలువడినది. ఎండ, చలి, తేమ, వాన, ఉప్పుగాలి, ఇసుక, బూజు, కంపనం, అదురు, వీటికి ఒక వస్తువును ఎట్లా గురిచేసి చూడవలెనో అందులో వివరంగా ఉన్నది. గ్రంథంగా అది మెచ్చుకోదగినదే. వస్తువు తన జీవితకాలంలో ఎక్కడెక్కడ తిరుగునో, ఎవరు మోయుదురో, ఏ విధంగా వాడుదురో ముందు ఆలోచించి, దానికి తగినట్లు పరీక్షను మలచుకొనవలెనని మొదటి భాగంలోనే గట్టిగా చెప్పినారు. చిక్కు వచ్చినది కూడా ఇక్కడే. ఇంజనీరు వివేకానికి వదలిన ఈ స్వేచ్ఛ వ్యాపారికి వరమైనది. ఆ బృహద్గ్రంథంలో ఏ రెండు మూడు పరీక్షలో చేయించి “810” అని ముద్ర వేసుకొనవచ్చును. వేయరాదని అడ్డగించే కార్యాలయం లేదు.

పడవేసి చూసే పరీక్షనే తీసుకుందాము. చేతితో మోసే వస్తువును సుమారు 122 సెంటీమీటర్ల ఎత్తునుంచి, కాంక్రీటుపై పరచిన రెండంగుళాల ప్లైవుడ్ మీద 26 సార్లు పడవేస్తారు. 26 ఎందుకనగా, పెట్టెకు 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు. (ఒక అగ్గిపెట్టె చేతికిచ్చి పిల్లలనే లెక్కపెట్టమనవచ్చును.) అయితే ఈ 26 దెబ్బలూ ఒకే కంప్యూటరు తినవలెనని లేదు, అయిదింటి వరకు పంచవచ్చును. కాబట్టి “26 దెబ్బలకు ఆగినది” అన్న మాటకు “ఒక్కొక్కటి అయిదారు దెబ్బలకు ఆగినది” అని అర్థం కావచ్చును. పైగా ఇది సరుకు రవాణాలో తగిలే దెబ్బలను ఉద్దేశించిన పరీక్ష. పడేటప్పుడు యంత్రం నడుస్తూ ఉండనక్కరలేదు, పడిన తరువాత పనిచేస్తే చాలును.

పడిన తరువాత పనిచేయడం ఎంత నమ్మరాని గుర్తో మానవరహిత వాహనాల చరిత్రలో ఒక ఉదాహరణ ఉన్నది. 2015 నాటికి సైన్యపు నేల యుద్ధ వాహనాలలో మూడింట ఒక వంతు మనిషి లేకుండా నడవవలెనని 2000లో అమెరికా శాసనసభ లక్ష్యం పెట్టినది. (గడువు దాటినది, లక్ష్యం నెరవేరలేదు.) ఆ ప్రయత్నంలో భాగంగానే డార్పా అనే రక్షణ పరిశోధన సంస్థ మొహావీ ఎడారిలో పందెం నడిపినది. 2004లో ఏ బండీ పన్నెండు కిలోమీటర్లు దాటలేదు. 2005 అక్టోబరు 8న మొదలైన పందెంలో మాత్రం సుమారు 212 కిలోమీటర్ల దారిని అయిదు బండ్లు పూర్తిచేసినవి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవారి ‘హైలాండర్’ మొదట ముందున్నది. తీరా గుట్టలెక్కే చోట ఇంజను శక్తి తగ్గిపోగా స్టాన్‌ఫర్డ్‌వారి ‘స్టాన్లీ’ దానిని దాటిపోయి, 6 గంటల 54 నిమిషాలలో గమ్యం చేరి 20 లక్షల డాలర్లు గెలుచుకున్నది. హైలాండరుకు 7 గంటల 14 నిమిషాలు పట్టినది.

పందేనికి కొన్ని వారాల ముందు హైలాండర్ పల్టీ కొట్టినది. బాగుచేశారు, మళ్లీ నడిచినది. ఓటమికి కారణం 2017లో గాని తెలియలేదు, అదీ అనుకోకుండా. ఇంజను నియంత్రణ పెట్టెకూ, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లకూ నడుమ ఉన్న ఒక చిన్న విద్యుత్ ఫిల్టరు దెబ్బతిని ఉన్నది. దానిమీద ఒత్తిడి పడగానే ఇంజను శక్తి పడిపోయేది. మనిషి తోలే బండి అయితే ఆ గొణుగుడు చెవిన పడి, దిగి బానెట్ ఎత్తి చూసేవాడు. మనిషిని దింపివేసినప్పుడు అతని చెవులు కూడా దిగిపోతాయి.

ఇక పెట్టెకు గీటు పడకుండానే చెడిన కంప్యూటరు కథ. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్ వద్ద అమెరికా సైనికుల బస మీద ఇరాక్ ప్రయోగించిన స్కడ్ క్షిపణి పడి 28 మంది మరణించారు. దానిని అడ్డుకొనవలసిన పేట్రియట్ దళపు కంప్యూటరు ఎండకు చెడలేదు, ఇసుకకు చెడలేదు. వంద గంటలు ఆగకుండా నడిచినది. ఆగకుండా నడవడమే కొంప ముంచినది.

దాని గడియారం సెకనులో పదో వంతులను లెక్కపెడుతుంది. సెకన్లుగా మార్చుటకు 1/10తో గుణించవలెను. మూడింట ఒకటి మనకు 0.333... అని తెగకుండా సాగినట్లే, ద్విసంఖ్యామానంలో పదింట ఒకటి 0.0001100110011... అని సాగుతుంది. పేట్రియట్‌లో ఉన్నది 24 బిట్ల చోటే. మిగిలినది కత్తిరించగా తగ్గినది సుమారు 0.000000095. వంద గంటలలో పదో వంతులు 36,00,000. నల్లబల్ల మీద గుణించి చూడండి: 0.34 సెకను. స్కడ్ వేగం సెకనుకు సుమారు 1,676 మీటర్లు. అనగా అర కిలోమీటరుకు పైగా తేడా. రాడారు లేని చోట వెతికి, ఏమీ లేదని తేల్చినది. 810లో ఎన్ని పరీక్షలు చేసినా ఇది బయటపడదు.

ఈ లెక్కను 1992 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వ తనిఖీ కార్యాలయం తన నివేదికలో ప్రకటించినది. చిన్న నివేదిక, స్పష్టమైనది. అయినా తెలివైన విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటి అందులో మిగిలిపోయినది. రాడారుకు ముఖ్యంగా కావలసినది క్షిపణి కనబడిన క్షణానికీ, మళ్లీ చూడవలసిన క్షణానికీ నడుమ వ్యవధి. రెండు కాలాలూ ఒకే రీతిగా తప్పితే, తీసివేతలో ఆ తప్పు ఇంచుమించు పోవలెను గదా! జవాబు అదే సంవత్సరం గణితజ్ఞుడు రాబర్ట్ స్కీల్ వ్రాసిన వ్యాసంలో దొరుకుతుంది. వేగమైన క్షిపణుల కొరకు కాలాన్ని మరింత సూక్ష్మంగా మార్చే భాగాన్ని ప్రోగ్రాములో కొత్తగా చేర్చారు. కాని కావలసిన చోట్లన్నిటా చేర్చలేదు. ఒక కాలం దిద్దినది, మరొకటి దిద్దనిది. రెండూ తప్పుగానే ఉంటే ఇంత ప్రమాదం ఉండేది కాదు. నివేదిక దీనిని చెప్పకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం. దానివల్ల చదివినవారు నేరమంతా 24 బిట్ల మీదకు త్రోసి ఊరుకుంటున్నారు. సగంలో వదలిన మరమ్మతు సంగతి ఎవరికీ పట్టడం లేదు.

వాడుకను ముందు ఊహించమని 810 చెప్పిన మాట ఇక్కడ మళ్లీ గుర్తుకు వస్తుంది. పేట్రియట్ ఒకచోట కొద్ది గంటలే ఉండి కదలిపోవునని రూపకర్తలు అనుకున్నారు. ఎనిమిది గంటలు నడిపితేనే గురి జరుగుతున్నదని ఇజ్రాయెల్‌వారు ఫిబ్రవరి 11నే తెలియజేశారు. దిద్దిన ప్రోగ్రాము 16న విడుదలైనది. “చాలాసేపు” నడిపితే గురి తప్పవచ్చునని 21న దళాలకు సందేశం వెళ్లినది. చాలాసేపు అంటే ఎంతసేపో అందులో లేదు. ఆపి మళ్లీ నడిపితే గడియారం సున్న నుంచి మొదలయ్యేది, ఒకటిన్నర నిమిషం పని. కొత్త ప్రోగ్రాము ధహ్రాన్‌కు 26న చేరినది.